సామాన్య విశ్వాసి నమ్మకత్వము



ఆ మధ్య ఒక శుక్రవారము సాయంత్రము మా కోలారు బంగారు గనుల ప్రాంతములో ఒక ఇంట గృహ ప్రార్థన కూటము జరిగింది. వాక్యము అయిపోయింది, ముగింపు ప్రార్థన అయింది, టీ గ్లాసులు చేతికి వచ్చాయి. అప్పటివరకు మూలన చాప మీద కూర్చున్న ఒక పెద్దాయన గొంతు సవరించుకొని మమ్మల్ని ఒక మాట అడిగారు.

"సారూ, నాకు బాప్తిస్మమిచ్చి యాభై ఏండ్లు దాటింది. ఈ యాభై ఏండ్లలో నేను పాట ఎత్తింది లేదు, ప్రసంగము చేసింది లేదు, కమిటీలో కూర్చుంది లేదు. వస్తిని, కూర్చుంటిని, పోతిని. రేపు ప్రభువు నువ్వేం చేసినావురా అని అడిగితే నేనేమని చెప్పేది?"

ఆ ఇంటి కోడలు వెంటనే, "అట్లంటారేమి మామా, మీరు పెద్దలు" అన్నది. మేము కూడా నాలుగు ఓదార్పు మాటలు చెప్పాము. అందరూ చెప్పులు తొడుక్కొని ఇండ్లకు పోయారు. కాని ఇంటికి వచ్చిన తరువాత మేము చెప్పిన జవాబు మాకే సరిపడలేదు. ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు పాఠము చెప్పినవాళ్ళము. ప్రశ్న నిజమైనదైతే ఓదార్పు మాట దానికి జవాబు కాదని మాకు తెలుసు.

ఆ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. చెన్నై పెరంబూరులోను, షోలాపూరులోను, ముంబయిలోను, బరంపురములోను, యానాములోను మన తెలుగు బాప్తిస్టు సంఘాలలో ప్రతి ఆదివారము బల్లల మీద కూర్చునేవారిలో చాలామంది ప్రశ్న ఇదే. పాస్టరు గారికి ఒక పిలుపు ఉంది. డీకన్లకు ఒక పని ఉంది. సండే స్కూలు టీచర్లకు, స్త్రీల సమాజము పెద్దలకు, గాయక బృందానికి ఏదో ఒక పేరు ఉంది. ఏ పేరూ లేని సభ్యుడు దేవునికి నమ్మకముగా ఉండడమంటే ఏమిటి? కేవలము వచ్చి పోవడము నమ్మకత్వమవుతుందా, లేక అది అలవాటేనా? ఈ సంగతిని మీతో కలిసి ఆలోచించాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఒక మాటకు రెండు అర్థములు

మన తెలుగులో విశ్వాసము అన్న మాటను రెండు విధములుగా వాడుతాము. దేవుని నమ్ముట విశ్వాసము. అన్నము పెట్టిన ఇంటికి కట్టుబడి ఉండుట కూడా విశ్వాసమే. కుక్కకు విశ్వాసముందని అంటాము. అది ఏదో సిద్ధాంతమును ఒప్పుకొన్నదని కాదు గదా! నమ్మినవారికి ద్రోహము చేసినవానిని విశ్వాసఘాతకుడు అంటాము. నమ్మకము అన్న మాట కూడా అంతే. ఒకరిని నమ్మడమూ నమ్మకమే, ఒకరు మనలను నమ్మదగినట్టు ఉండడమూ నమ్మకమే. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో సైతము ఈ రెండింటికి ఒకే మాట ఉన్నదని పండితులు చెబుతారు.

అయితే మనము ఈ రెండు అర్థములలో మొదటిదానినే ఎక్కువగా పట్టుకొన్నాము. బాప్తిస్మపు నీళ్ళలో దిగేటప్పుడు పాస్టరు గారు, "నీవు ప్రభువును నమ్ముచున్నావా?" అని అడుగుతారు. "నమ్ముచున్నాను" అంటాము. అది మంచిదే, అది లేకుండా మిగిలినది లేదు. కాని నీళ్ళలోనుండి బయటికి వచ్చిన తరువాత బ్రతుకంతా అడుగవలసిన రెండవ ప్రశ్న ఒకటి ఉంది. "ప్రభువు నన్ను నమ్మి ఏదైనా అప్పగించవచ్చునా?" మొదటి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పవచ్చు. రెండవదానికి నోటితో జవాబు లేదు.

2 రాజుల గ్రంథము 5వ అధ్యాయములో ఒక చిన్నపిల్ల ఉన్నది. సిరియా దండు ఆ పిల్లను ఇశ్రాయేలు దేశమునుండి చెరపట్టుకొని పోయింది. నయమాను భార్యకు ఆమె పనిపిల్ల అయింది. ఆ పిల్ల పేరు ఏమో గ్రంథములో లేదు. ప్రవక్త కాదు, బోధకురాలు కాదు, పరదేశములో ఒకరి ఇంట అంట్లు తోముకొనే బిడ్డ. వలస వచ్చిన మనవంటి వారికి దగ్గరి చుట్టము. తన దేశములో ఉన్న ప్రవక్త దగ్గరికి పోతే దొరగారి కుష్ఠము నయమవుతుందని ఆమె తన యజమానురాలితో అన్నది. ఆమె చేసిన పని ఆ ఒక్క మాటే.

మనము సాధారణముగా ఆమె ధైర్యమును మెచ్చుకుంటాము. మాకు మరొక సంగతి ముఖ్యముగా కనబడుతున్నది. ఆ మాట విని సేనాధిపతి అంతటివాడు రాజు దగ్గరికి పోయి సెలవు అడిగాడు, వెండి బంగారములు మూట కట్టుకొని ప్రయాణమయ్యాడు. ఒక బానిస పిల్ల మాటకు ఆ ఇంటిలో అంత విలువ ఎలా వచ్చింది? చెప్పిన పని చేయని పిల్ల అయితే, అబద్ధమాడే పిల్ల అయితే, వంటింటిలో చేతివాటము చూపే పిల్ల అయితే ఆ మాటను ఎవరు లెక్కచేసేవారు? దేవునిని గూర్చి ఆమె పలికినది ఒక్క మాట. ఆ మాటకు బలమునిచ్చినది దానికి ముందు ఆ ఇంటిలో ఎవరూ వ్రాసిపెట్టని ఆమె దినములు. సామాన్య విశ్వాసి నమ్మకత్వము ఇటువంటిదని మా తలంపు.

మన పితరులు మరునాడు చేసినది

మన సంఘాల చరిత్రను ఈ కంటితో మరొకసారి చూద్దాము. శామ్యూల్ డే దొరగారు తెలుగువారి మధ్యకు వచ్చినది 1836లో. నెల్లూరులో మిషను మొదలైనది 1840లో. ఎన్నో ఏండ్లు గడచినా ఫలము కొద్దిగానే కనబడింది. 1853లో ఈ మిషనును మూసివేయాలా వద్దా అని అమెరికాలో చర్చ జరిగింది. అటువంటి కాలములో 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించారు. జూయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు, జూలియా, రూతు. ఆ కొండను నేటికిని ప్రార్థనా కొండ అంటున్నాము. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. అంటే ఆ ప్రార్థనకు జవాబుగా మనము చెప్పుకొనే మనిషి ఆ ఊరికి రావడానికి పన్నెండేండ్లు పట్టింది. ఆ పన్నెండేండ్లు కొండ దిగిన ఐదుగురు ఏమి చేసి ఉంటారు? లేచి తమ తమ పనులకు పోయి ఉంటారు, మరల ప్రార్థించి ఉంటారు.

తరువాత 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరువు వచ్చింది. క్లౌ గారు బకింగ్‌హాము కాలువ తవ్వకములో కొంత భాగమును కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. అన్నము కొరకు బాప్తిస్మము తీసుకొన్నారన్న మాట రాకూడదని కరువు సహాయము జరుగుతున్న దినములలో బాప్తిస్మములు నిలిపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందారు. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలో దిగి ఆ పని చేశారు.

ఈ సంఖ్యను మనము ప్రతి వార్షికోత్సవములో చెప్పుకుంటాము. పిల్లల చేత అప్పగింపజేస్తాము. కాని జూలై 4న ఏమి జరిగిందో ఎవరైనా అడిగామా? ఆ 2,222 మందిలో బోధకులయినవారు కొద్దిమంది. తక్కినవారు తడి బట్టలు ఆరిన తరువాత తమ పల్లెలకు నడిచిపోయారు. వారిలో అత్యధికులు మాదిగపల్లెలవారు, చెప్పులు కుట్టేవారు, కూలి చేసేవారు. వారికి నేర్పిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినడానికి చిన్నవి. కాని ఆదివారము పనికి రానన్న కూలివానికి సోమవారము పని దొరుకుతుందా? జాతరలో డప్పు కొట్టనన్నవానిని ఊరు ఊరుకొంటుందా? కొన్ని ఊళ్ళలో వారికి బావి నీళ్ళు కూడా మాన్పించారు. పేరు తెలియని ఆ మనుష్యులు ఆ మరునాడు, ఆ మరుసటి ఆదివారము, ఆ మరుసటి జాతరలో నిలబడినందువల్లనే ఈ దినము మనకు సంఘమున్నది. గుండ్లకమ్మలో దిగడము ఒక్క దినపు పని. నిలబడడము బ్రతుకంతా చేసిన పని.

మా ప్రాంతపు గనులలో ఒక సంగతి చూశాము. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. అంత లోతున బండ ఒక్కసారిగా పగిలి మీద పడేది. దానిని ఇక్కడివారు ఎయిర్ బ్లాస్టు అనేవారు. మా తండ్రిగారి తరము వారు ఆ మాట వింటే ఉలిక్కిపడేవారు. ఆ బండ కూలకుండా దుంగలు, రాతికట్టు ఆనించే పనివారు కొందరు ఉండేవారు. వారి చేతికి బంగారము కనబడేది కాదు. పైకి వచ్చిన బంగారము లెక్కలో వారి పేరు ఉండేది కాదు. కాని వారు ఒక్క దుంగను నిర్లక్ష్యముగా పెడితే కింద ఉన్నవారు ఇంటికి రారు. 2001లో గనులు మూతపడినవి. మమ్మల్ని ఆ ప్రశ్న అడిగిన పెద్దాయన ఆ దుంగల పని చేసినవారే.

సామాన్య సభ్యుడు నోరులేనివాడు కాడు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. నమ్మకత్వమంటే తల వంచుకొని కూర్చోవడమే అని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. మన బాప్తిస్టు క్రమములో బిషపు లేడు. సంఘమును నడిపించేది క్రీస్తు, ఆయన చిత్తమును వెదకేది సభ్యులందరు. పాస్టరు గారిని పిలుచుకొనేది సభ్యుల ఓటు. బడ్జెటును ఒప్పుకొనేది సభ్యుల ఓటు. లక్షాధికారికి ఒక ఓటే, ఇంటింటా పాచిపని చేసుకొనే సహోదరికి ఒక ఓటే. కాబట్టి మన సంఘములో చూస్తూ కూర్చునే హక్కు ఎవరికీ లేదు. ఈ సంగతి మేము ఒక పుస్తకములో నేర్చుకోలేదు. మా తప్పు వలన నేర్చుకొన్నాము. చెప్పడానికి సిగ్గయినా చెబుతాము.

చాలా ఏండ్ల క్రితము మేము ఒక సంఘములో కార్యదర్శిగా ఉన్నాము. ఊరి పేరు ఇక్కడ అవసరము లేదు. ఆ సంవత్సరము వార్షికోత్సవపు విందుకు ఖర్చు మించిపోయింది. బీదల నిధిలో 2,300 రూపాయలు ఉన్నవి. కమిటీలో పెద్దలు, "ఇప్పటికి దానిలోనుండి వాడుదాము, కోతపండుగ వేలములో వచ్చినది మరల పెడదాము" అన్నారు. మేము కాదనలేదు. కోతపండుగ వచ్చింది, పోయింది, డబ్బు మరల పెట్టలేదు. సంవత్సరపు లెక్కలు వ్రాసేటప్పుడు ఆ 2,300 రూపాయలను "బీదలకు సహాయము" అని వ్రాసినది మా చేయే. సమాధానము చెడకూడదని, పెద్దల పరువు పోకూడదని మాకు మేము చెప్పుకొన్నాము. అక్షరములు గుండ్రముగా, అందముగా వ్రాశాము. బడిపంతులము గదా!

సభ్యుల సమావేశములో లెక్కలు చదివాము. "ఎవరికైనా సందేహములు ఉన్నవా?" అని అడగడము ఆనవాయితీ. ఎవరూ లేవకపోవడము కూడా ఆనవాయితీ. ఆ దినమున వెనుక వరుసలోనుండి ఒక సహోదరి లేచింది. ఆమె విధవరాలు. బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మేది. ప్రభురాత్రి భోజనము అయిన తరువాత గ్లాసులు కడిగి, తుడిచి, పెట్టెలో సర్దిపెట్టేది ఆమెయే. ఏ కమిటీలోను లేదు. కొంగు భుజము మీదికి లాగుకొని, మెల్లగా అడిగింది.

"బీదలకు ఇచ్చినామని చదివితిరి సారూ. బీదలము మేమే గదయ్యా. మాలో ఎవరికిచ్చినారు?"

మందిరములో ఫాను చప్పుడు తప్ప మరొక చప్పుడు లేదు. ఒక పెద్దాయన కోపపడి, "ఆడవాళ్ళకు లెక్కలెందుకు?" అన్నాడు. ఆమె మారు మాట్లాడలేదు. కూర్చున్నది. ప్రశ్న మాత్రము నిలబడే ఉన్నది. ఆ సమావేశములో మేము జవాబు చెప్పలేదు. "తరువాత చూచి చెబుతాము" అని పుస్తకము మూశాము.

మరుసటి ఆదివారము ఆమె రాదనుకొన్నాము. నిజము చెప్పాలంటే, రాకపోతే బాగుండునని అనుకొన్నాము. ఆమె వచ్చింది. అది ప్రభురాత్రి భోజనపు ఆదివారము. ఆరాధన తరువాత ఎప్పటివలెనే గ్లాసులు కడిగింది. నెలలు గడిచినవి. ఆమె వేరే సంఘమునకు పోలేదు, ఇంటింటికి పోయి మా తప్పు చాటలేదు, గుంపు కట్టలేదు. తాను అడిగిన ప్రశ్నను వెనుకకు తీసుకోనూ లేదు. ఆమె కడిగిన గ్లాసును చేతికి తీసుకొని త్రాగిన ప్రతిసారి మాకు గొంతు దిగేది కాదు. మూడు నెలల తరువాత సభ్యుల ముందు లేచి, ఆ లెక్క తప్పు అని, వ్రాసినది మేమేనని ఒప్పుకొన్నాము. మా జీతములోనుండి కొంత, కమిటీలో మరి ఇద్దరు కొంత వేసి ఆ నిధిని నింపాము. కార్యదర్శి పదవి వదులుకొన్నాము. బయట మెట్ల దగ్గర ఆమె కనబడితే, "అమ్మా, మమ్మల్ని క్షమించు" అన్నాము. "సరేలే సారూ, ఇల్లు కదా ఇది" అని వెళ్ళిపోయింది.

ఆ మాటను ఈ రోజు వరకు ఆలోచిస్తున్నాము. మేము సంఘపు సమాధానమునకు నమ్మకముగా ఉన్నామనుకొన్నాము. నిజానికి మేము నమ్మకముగా ఉన్నది నలుగురి మంచితనమునకు. ఆమె దేవునికి నమ్మకముగా ఉన్నందున నిజము అడిగింది. దేవునికి నమ్మకముగా ఉన్నందుననే సంఘమును విడిచిపోలేదు. ఈ రెండింటిలో ఒకటి చేసేవారు చాలామంది ఉన్నారు. నిజమడిగి విడిపోయేవారు ఉన్నారు. వారి వలన మన సంఘములు ముక్కలై, ఆస్తుల కొరకు కోర్టు మెట్లు ఎక్కుతున్నవి. విడిపోకుండా నిజమును మింగేవారు ఉన్నారు. వారి వలన మన సంఘములు లోపల పుచ్చిపోవుచున్నవి. రెండూ చేయడము కష్టము. ఇల్లు అనుకొన్నవారే చేయగలరు.

అలవాటా, నమ్మకత్వమా?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. వచ్చి పోవడము ఒట్టి అలవాటు కాదా? కావచ్చును. ఇస్త్రీ బట్టలు వేసుకొని, ఎప్పుడూ కూర్చునే బల్ల మీద కూర్చొని, కానుక వేసి, ఇంటికి పోయి భోజనము చేసేవానికి అది అలవాటే కావచ్చును. అలవాటు చెడ్డదని మేము అనము. పిల్లవాడు ఎక్కాలను మొదట అలవాటుగానే నేర్చుకొంటాడు. కాని అలవాటుకు, నమ్మకత్వానికి తేడా తెలిసే చోటు ఒకటి ఉన్నది. ఖర్చు పడినప్పుడు అలవాటు ఆగిపోతుంది, నమ్మకత్వము నడుస్తుంది.

ఆ పెద్దాయన సంగతే చూడండి. గని మూతపడేనాటికి ఆయనకు ఇంకా పిల్లల చదువులు కాలేదు. మా ప్రాంతపు వారు వేలమంది చేసినట్టే ఆయన కూడా మారికుప్పము నుండి రైలెక్కి, సుమారు వంద కిలోమీటర్ల దూరములోని బెంగళూరుకు పనికి పోవడము మొదలుపెట్టారు. వాచ్‌మన్ పని. ఆ ఏండ్లలో ఆదివారము ప్రసంగము జరిగేటప్పుడు ఆయన కునికిపాట్లు పడుతూ కనబడేవారు. పిల్లలు చూచి నవ్వేవారు. మేము కూడా ఒకసారి పాస్టరు గారితో హాస్యమాడాము. చాలా కాలము తరువాత తెలిసింది. ఆదివారము పగటి డ్యూటీ పడితే ఆరాధన తప్పుతుందని ఆయన శనివారము రాత్రి డ్యూటీ అడిగి వేయించుకొనేవారట. రాత్రంతా మేలుకొని, తెల్లవారగానే బండి ఎక్కి, ఇంటికి పోయి ముఖము కడుక్కొని, అక్కడనుండి మరొక వీధికి పోయి, చూపు పోయిన ఒక తాతను చేయి పట్టుకొని మందిరమునకు తీసుకొని వచ్చేవారు. తాతను బల్ల మీద కూర్చోబెట్టి తాను ప్రక్కన కూర్చునేవారు. అప్పుడు నిద్ర వచ్చేది.

1 సమూయేలు 30వ అధ్యాయములో దావీదు మనుష్యులలో రెండువందలమంది అలసిపోయి వాగు దాటలేక సామాను దగ్గర ఆగిపోయారు. యుద్ధము చేసినవారు కొల్లసొమ్ములో వారికి భాగము లేదన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధమునకు పోయినవానికి ఎంతో, సామాను దగ్గర నిలిచినవానికి అంతే అని కట్టడ చేశాడు. అలసి కునుకు తీసినవారిని చూచి నవ్వేముందు మనము ఆ అధ్యాయమును చదువుకోవాలి.

మా పిల్లలలో కొందరు ఈ దినములలో బెంగళూరులోని పెద్ద పెద్ద ఆరాధన స్థలములకు పోతున్నారు. అక్కడ పాట బాగుంటుంది, ప్రసంగము బాగుంటుంది అంటారు. బాగుంటే మాకు సంతోషమే, అక్కడ దేవుడు లేడని మేము అనము. మనుమలకు తెలుగు చదవడము రాక, కీర్తనలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసుకొని పాడుతున్నారు. దానికి కూడా మేము ఏడ్వము, పాడుతున్నారు కదా! కాని వారిని ఒక్క మాట అడుగుతాము. అక్కడ మీరు రాకపోతే ఎవరికైనా తెలుస్తుందా? మీ చేయి కొరకు ఎదురుచూచే తాత ఎవరైనా ఉన్నారా? 2020లో కరోనా వలన మందిరములు మూసినప్పుడు ఫోనులో ప్రసంగములకు కొదువ లేదు. కాని ఒంటరిగా ఉన్న ముసలివారి వాకిట మందులు పెట్టి, దూరముగా నిలబడి పేరు పెట్టి పిలిచినది ఎవరు? మా సంఘములో అయితే, ఏ పదవీ లేని ఇద్దరు ముగ్గురు సహోదరులు, సహోదరీలు. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరికి ఏ మాత్రలో వారికి తెలుసు. ఏండ్ల తరబడి వచ్చి పోయినవారు గనుక తెలుసు.

మత్తయి 25వ అధ్యాయములో ఒకే తలాంతు పొందిన దాసుడు గద్దింపబడినది ఒకటే ఉన్నందుకు కాదు. యజమానుని కఠినుడని అనుకొని, భయపడి, దానిని మట్టిలో పాతిపెట్టినందుకు. నాకున్నది ఒకటే కదా, ఇది లెక్కకు వస్తుందా అనే తలంపు వినయము వలె కనబడుతుంది. అందులో యజమానుని మీద అపనమ్మకము దాగి ఉన్నది. ఆయన చిన్నదానిని చూడడని మనము తీర్మానించుకొన్నాము.

కాబట్టి మనలను మనము పరీక్షించుకొనుటకు నాలుగు చిన్న ప్రశ్నలు:

1. సంఘములో నాకు అప్పగింపబడినది, గ్లాసులు గాని, తాళపుచెవి గాని, ఒక ముసలమ్మ గాని, ఎవరూ చూడనప్పుడు కూడా భద్రముగా ఉన్నదా?

2. ఖర్చు పడినప్పుడు నేను ఆగిపోయానా, నడిచానా?

3. తప్పు కనబడినప్పుడు నేను సభ్యుల మధ్య, మర్యాదగా, నిజమును అడిగానా? లేక మింగుకొని బయట వీధిలో చెప్పుకొన్నానా?

4. అడిగిన తరువాత మరుసటి ఆదివారము వచ్చానా?

గత నెలలో మేము ఆ పెద్దాయన ఇంటికి పోయి మా జవాబు చెప్పాము. "అన్నా, మీరు ఏమీ చేయలేదంటిరి. ఆ చూపులేని తాతను ఎన్నేండ్లు నడిపించినారు?" అని అడిగాము. ఆయన కొంచెము ఆలోచించి, "ఆయన పోయేవరకు. తొమ్మిదేండ్లో, పదేండ్లో. అదేం పని సారూ, దారిలోనే కదా ఆయన ఇల్లు" అన్నారు.

ఆ ఇల్లు దారిలో లేదు. మాకు తెలుసు. రెండు వీధులు చుట్టు తిరిగి పోవాలి. కాని మేము ఆ మాట అనలేదు. మత్తయి 25వ అధ్యాయములోనే, చివరి దినమున రాజు కుడివైపున నిలిచినవారు కూడా తాము ఎప్పుడు ఏమి చేశామో తెలియక ఆశ్చర్యపడి అడుగుతారు. లెక్క వారి దగ్గర లేదు, ఆయన దగ్గర ఉన్నది. మనుష్యులు వ్రాసే లెక్కలలో తప్పు దొర్లవచ్చును, మా చేతితోనే దొర్లింది. ఆయన లెక్కలో దొర్లదు.

ప్రియులారా, ఆయనను నమ్మిన మనలను ఆయన నమ్మదగినవారినిగా చేయును గాక. ఎవరూ పేరు వ్రాయని మన ఆదివారములను, ఆయన నామ మహిమ కొరకు అంగీకరించును గాక. ఆమేన్.